కబ్ద్ ఎడారిలో సముద్రపు దూడ

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి గోడ దూకి వచ్చినవాణ్ని. దూకిన ఆ ఎత్తును మా వీరబల్లిలో ఇప్పటిదాకా ఇంకొకడు అందుకోలేదు, అది వేరే సంగతి. గోడ లోపల చదువు వదిలేసి, గోడ బయట లారీ నేర్చుకుని, పదకొండేళ్ళుగా కువైట్‌లో నీళ్ళ ట్యాంకరు నడుపుతున్నాను. ఈ ట్యాంకరుతో సముద్రాన్ని ఎడారిలోకి మోసింది నేనే. సాక్ష్యం కావాలంటే కబ్ద్‌లో అబూ ఫవాజ్ తోటకు పోయి, అక్కడ గొర్రెలు కాసే బాలసుబ్బయ్యను అడగండి. జాబ్రియాలో ఉండే వాసుదేవరావుగారిని మాత్రం అడగొద్దు. ఆయన పెద్ద ఇంజనీరు. తనకు తెలియదన్న సంగతి కూడా ఆయనకు తెలియదు.

ఈ కథ బాలసుబ్బయ్యది. చూడ్డానికి ఏముంటాడు, ఎండుమిరపకాయకు కాళ్ళొచ్చినట్టుంటాడు. వయసు పాస్‌పోర్టులో ఒకటి, వాళ్ళమ్మ చెప్పేది ఒకటి. యాభై దాటిన మాట మాత్రం నిజం. గాలివీడు దగ్గర పల్లె. పుట్టింది గొర్రెల దొడ్డి పక్కన, నడక నేర్చింది గొర్రెల వెనక. పద్నాలుగేళ్ళ కిందట కువైట్ వచ్చి ఇక్కడా గొర్రెల వెనకే నడుస్తున్నాడు. మధ్యలో ఒకసారి విమానం ఎక్కాడు, అంతే తేడా. ఇఖామా మీద, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు మీద, గొర్రెల కాపరి అని రాసుంది. ఈ దేశంలో ఇఖామా మీద రాసిన పనే చేస్తున్న మనిషిని నేను ఇతన్నొక్కణ్నే చూశాను.

కిందటేడు నవంబరులో దక్షిణపు ఒడ్డున ఒక హద్రాలో, అంటే ఆటుపోటు నీళ్ళలో కర్రలు పాతి చేపలు పట్టే కంచెలో, ఒక పిల్ల చిక్కింది. ఇంగ్లీషువాళ్ళు దుగోంగ్ అంటారు. అరబ్బులు సముద్రపు ఆవు అంటారు. అమెరికా వైపు మనాటీ అని ఒకటుందట, దానికి ఇది చిన్నమ్మ కూతురి వరస. ఎనుముకు కాళ్ళు తీసేసి, చేపతోక అతికించి, మూతి మీద అప్పడాల కర్ర ఒకసారి దొర్లిస్తే ఇదే. బహ్రెయిన్ వైపు సముద్రం అడుగున గడ్డి మొలిచేచోట ఇవి మందలుగా మేస్తాయి. కువైట్ నీళ్ళలో కనబడటం అరుదు. దీని తల్లి దారితప్పి ఇటు వచ్చి ఏదో స్పీడుబోటు కింద పడింది. తల్లి ఒడ్డుకు కొట్టుకొచ్చిన రోజే పిల్ల కంచెలో దొరికింది. ముప్పై కిలోల బరువు, మెడ మీద తాడు కోసిన గాయం.

దాన్ని ఎత్తుకొచ్చింది డాక్టరు షహర్‌బాను. హైదరాబాదు యాకుత్‌పురా మనిషి. ఇక్కడొక జంతువుల ఆసుపత్రిలో పని. సెలవు రోజుల్లో దెబ్బతిన్న తాబేళ్ళనూ పక్షులనూ కాపాడే గుంపులో తిరుగుతుంది. అనుమతి కాగితాలు తెచ్చింది గానీ పిల్లను పెట్టే చోటు దొరకలేదు. తన పిల్లికి ఆమె దగ్గర వైద్యం చేయించుకునే కువైటీ పెద్దాయన అబూ ఫవాజ్, మా తోటలో చేపల తొట్టి ఖాళీగా ఉంది, వాడుకో అన్నాడు. ఆ విధంగా సముద్రపు దూడ సముద్రానికి నలభై కిలోమీటర్ల దూరాన ఇసుక మధ్యలో కాపురం పెట్టింది. ఉప్పునీళ్ళు మోసే పని నాకు పడింది. మొదటి రోజు నేను పైపు తెరిస్తే, ఆ చప్పుడుకు పక్క తోటలోని ఒంటెలు వరద వచ్చిందనుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాయి. కావాలంటే ఒంటెలనే అడగండి.

మూడు రోజులు పిల్ల పాలు ముట్టలేదు. షహర్‌బాను, ఆమె వెంట వచ్చిన ఇద్దరు, తొట్టిలో దిగి రబ్బరు పీక ఉన్న సీసాను నీళ్ళ మీద పట్టుకుని బతిమాలారు. లాప్‌టాప్ తెరిచి ఆస్ట్రేలియావాళ్ళను అడిగారు. ఆస్ట్రేలియావాళ్ళు సీసా మార్చమన్నారు. మార్చారు. పీక మార్చమన్నారు. అదీ మార్చారు. పిల్ల వాళ్ళ భుజాలకూ చేతులకూ మూతి రాస్తూ తిరుగుతోంది గానీ సీసా వైపు చూడదు.

నాలుగో రోజు బాలసుబ్బయ్య గొర్రెలకు మేత మోపు నెత్తిన పెట్టుకుని పోతూ తొట్టి దగ్గర ఆగాడు. కాసేపు చూశాడు.

"డాక్టరమ్మా, దీనికి సన్ను యాడుంటాది?"

"చంక కింద, కాకా. గా రెక్క మొదట్ల. ఎందుకు?"

"మరి మీరు సీసాను ఆకాశంలోకి ఎత్తి పట్టుకోనుంటే అదేం సేస్తాది, దండం పెట్టుకుంటాదా?"

మోపు కింద పడేశాడు, లుంగీ ఎగ్గట్టాడు, దిగాడు. సీసాను చంకలో ఇరికించి, పీక వెనక్కి తిరిగేట్టు పెట్టి, పిల్లకు వీపు చూపించి నిలబడ్డాడు. పిల్ల వచ్చింది, చంక కింద మూతి దూర్చింది. అటుపైన వినిపించిన చప్పుడు, మా ఊరి హోటల్లో సాసరులో టీ పోసుకుని జుర్రే ముసలోళ్ళ చప్పుడే.

"తల్లి సచ్చిన గొర్రెపిల్లకు సీసా మొకం ముందర పెడితే తాగదు తల్లీ" అని తర్వాత ఆమెకు పాఠం చెప్పాడు. "అది వెనక కాళ్ళ మధ్య వెతుకుతాది. అందుకే మేం సీసాను మా మోకాళ్ళ నడుమ బిగిచ్చి, ఎనక్కి తిప్పి పట్టుకుంటాం. పిల్ల యాడ వెతుకుతాదో ఆడ పెట్టల్ల. మనం పెట్టిన కాడ వెతకమంటే వెతుకుతాదా?"

చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికారని సామెత. వీళ్ళు సంత దాటి ఆస్ట్రేలియా దాకా వెతికారు. అయితే షహర్‌బానుకు ఒక మంచి గుణం ఉంది. ఆ రోజే అబూ ఫవాజ్‌తో మాట్లాడి, గొర్రెల పని సగం ఇంకొకరికి ఇప్పించి, బాలసుబ్బయ్యను తొట్టికి అప్పగించింది. ఒక్కటే షరతు పెట్టింది: తాను కలిపి ఇచ్చిన పిండిపాలు తప్ప ఇంకేమీ లోపలికి పోగూడదు, ముఖ్యంగా ఆవుపాలు దీనికి అరగవు.

ఫిబ్రవరి వచ్చేసరికి గాయం మానింది, పిల్ల యాభై కిలోలు దాటింది. బాలసుబ్బయ్య దాన్ని బుడ్డమ్మ అని పిలిచేవాడు. పగలు మూడు గంటలకొకసారి చంకలో సీసాతో నీళ్ళలో నిలబడేవాడు. చర్మం నానిపోయి, కాళ్ళు ఊరబెట్టిన ఉసిరికాయల్లా అయ్యాయి. డైవర్లు సముద్రం నుంచి గోనెసంచుల్లో గడ్డి తెచ్చేవాళ్ళు. దాన్ని ప్లాస్టిక్ చట్రాలకు కట్టి తొట్టి అడుగున పెడితే, పిల్ల సరదాగా రెండు పోచలు కొరికి వదిలేది. బాగానే ఉంది, మేత నేర్చుకుంటోంది అన్నాడు బాలసుబ్బయ్య.

అక్కడికి దిగారు వాసుదేవరావుగారు.

ఈయన విజయవాడ మనిషి. ఒక సాంస్కృతిక సంఘానికి అధ్యక్షుడు. కువైట్‌లో నలుగురు తెలుగు ఇంజనీర్లు ఒకచోట కాఫీ తాగితే సంఘం పుడుతుంది, అయిదో ఇంజనీరు వస్తే చీలుతుంది. ఈయనది చీలిన ముక్క. ఫేస్‌బుక్‌లో పిల్ల బొమ్మ చూశాడు, అక్కడున్నది తెలుగువాడని తెలిసింది. ఇంక ఆగుతాడా? ఒక శుక్రవారం పొద్దున్నే, షహర్‌బాను డ్యూటీలో ఉన్నప్పుడు, ముప్పై కార్లు వేసుకుని నలభై కుటుంబాలతో తోట మీద పడ్డాడు. సముద్రపు దూడకు బారసాలట! అరటి ఆకులు తెచ్చారు, బ్యానరు తెచ్చారు, ఫొటోగ్రాఫరును తెచ్చారు. బ్యానరు మీద వాసుదేవరావుగారి ముఖం పిల్ల ముఖం కంటే పెద్దది. రెంటికీ పోలిక కుదిరింది కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

"ఏమయ్యా, గేటు తియ్యి. చక్కగా ఓ పేరు పెట్టుకుని వెళ్ళిపోతాం" అన్నాడాయన.

"డాక్టరమ్మ ల్యాదు సారూ. రేపు రాండి."

"రేపు మాకు ఆఫీసులుండవూ? వారం పది రోజుల నుంచి ప్లాన్ చేశామయ్యా!"

అప్పుడు ఆయన భార్య చాముండేశ్వరి ముందుకొచ్చింది. ఆమె భర్త కంటే తెలివైనది. ఆ సంగతి ఆ గుంపులో ఒక్క భర్తకే తెలియదు.

"అన్నయ్యా, మేనమామ లేకుండా బారసాల ఎక్కడైనా ఉందా చెప్పండి? తల్లి లేని పిల్ల. దానికి మేనమామ అయినా, ఎవరైనా మీరేగా!"

అంటూ జరీ కండువా తీసి బాలసుబ్బయ్య భుజం మీద కప్పింది. పద్నాలుగేళ్ళలో జాబ్రియా లాంటి పెద్దిళ్ళ పేటల నుంచి వచ్చిన మనిషి ఎవరూ అతన్ని అన్నయ్యా అనలేదు. పేరు పెట్టి కూడా పిలవలేదు. గేటు తెరుచుకుంది.

పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో సాగరిక అని రాశారు. బుడ్డమ్మ తొట్టిలోంచి తల ఎత్తి ఒకసారి చూసి మునిగింది. దానికి చదువు రాదు, నాలాంటిదే. తర్వాత వెండి ఉద్ధరిణె తీశారు. తేనె కలిపిన ఆవుపాలు ఒక్కో కుటుంబం ఒక్కో ఉద్ధరిణెడు నాలుక మీద వేయాలట. పిల్ల దగ్గరికి రాకపోయేసరికి, వాసుదేవరావుగారి ఇంజనీరింగు పనిచేసింది: అందరూ ఉద్ధరిణెలు సీసాలో పోయండి, మేనమామ తాగిస్తాడు అన్నాడు.

"ఆవుపాలు వొద్దనింది సారూ డాక్టరమ్మ."

"అది రోజూ తాగే సంగతయ్యా. ఇది ప్రసాదం! ఒక్క చుక్కకి ఏమవుతుంది?"

ఒక్క చుక్కేనని ప్రతివాడూ అనుకున్నాడు. నలభై మంది నలభైసార్లు అనుకున్నారు. మధ్యలో పిల్లలు కూడా సరదాగా రెండేసిసార్లు పోశారు. సీసా మెడ దాకా నిండింది. కండువా తడవకుండా తీసి గట్టు మీద పెట్టి, బాలసుబ్బయ్య ఆ సీసాను తన చంకలోనే ఇరికించుకుని దిగాడు. పిల్ల అతని చంకను నమ్మింది. మొత్తం తాగింది. చప్పట్లు కొట్టారు. పులిహోర తిన్నారు, విస్తళ్ళు గొర్రెల దొడ్డిలో పారేశారు, పోయారు.

మర్నాడు నేను ట్యాంకరు తీసుకెళ్ళేసరికి బుడ్డమ్మ నీళ్ళ మీద తేలుతోంది. పొట్ట ఉబ్బిపోయి, ఒక పక్కకు ఒరిగి, మునగాలని తోక కొట్టుకుంటూ మునగలేక మళ్ళీ పైకి వస్తోంది. మునగలేనిది మేయలేదు, నిద్రపోలేదు. ఎండకు వీపు పగులుతుంది. షహర్‌బాను నీళ్ళలో ఉంది. ముక్కులోంచి గొట్టం వేసి మందు పోస్తోంది.

"కాకా, నీకు చెప్పలే నేను? ఎన్నిసార్లు చెప్పిన?"

"సెప్పినావు తల్లీ."

"మరి?"

"కండువా కప్పితే మతి పోయింది."

ఆమె మళ్ళీ మందు గొట్టం వైపు తిరిగింది. తిట్టి ఉంటే బాగుండేది. బాలసుబ్బయ్య మూడు రోజులు తొట్టి వదల్లేదు. ఉబ్బిన గొర్రెకు చేసినట్టు, పిల్లను రెండు చేతుల మీద అడ్డంగా పడుకోబెట్టుకుని, పొట్టను ముందు నుంచి తోక వైపుకు నిమురుతూనే ఉన్నాడు. గాలి కొంచెం కొంచెంగా బుడగలై పోయింది. ఆ వాసనకు ఎగిరే కొంగ ఒకటి దారి మార్చుకోవడం నేను కళ్ళారా చూశాను. వాసుదేవరావుగారికి నేనే ఫోన్ చేసి విషయం చెప్పాను.

"అయ్యయ్యో! దిష్టి తగిలి ఉంటుందయ్యా. అంతమంది చూశారు గదా" అన్నాడు.

ఆయన పోసిన పాలు ఆయన లెక్కలో లేనే లేవు.

పిల్ల బతికింది. అయితే పది కిలోలు తగ్గింది, గడ్డి వైపు చూడటం మానేసింది. చట్రం దగ్గరికి తీసుకెళ్తే తిరిగి వచ్చి బాలసుబ్బయ్య చంకలోనే దూరుతుంది. పాలు లేకపోయినా సరే, అక్కడే మూతి పెట్టుకుని కళ్ళు మూస్తుంది. మార్చి గడిచింది, ఏప్రిల్ సగమైంది. బహ్రెయిన్ వైపు మంద ఉన్న నీళ్ళలో వదలడానికి షహర్‌బాను, దారిలో వచ్చే సౌదీతో కలిపి, మూడు దేశాల కాగితాలు సాధించింది. మే రెండో తారీఖున బండి బయల్దేరాలి. ఆ లోపల పిల్ల అయిదు రోజులు పాలు లేకుండా తనంతట తాను గడ్డి మేసి చూపించాలి. లేకపోతే సముద్రంలో ఆకలికి చస్తుంది కాబట్టి వదలనివ్వరు. తారీఖు తప్పితే కాగితాలు మళ్ళీ మొదటికి. మే దాటితే కబ్ద్ ఎండకు తొట్టిలో నీళ్ళు పులుసు కాగినట్టు కాగుతాయి.

అబూ ఫవాజ్‌కు దిగులేమీ లేదు. ఎగైలాలో ఉండే తన మనవళ్ళు వారం వారం వచ్చి పిల్లతో ఆడుకుంటున్నారు.

"తినకపోతే ఖలాస్, బాలా! సముద్రం ఒడ్డున నా షాలే ఉంది, సెలవుల్లో ఉండే ఇల్లు. అక్కడ పూల్‌లో చల్లటి నీళ్ళ మిషను పెట్టిస్తా. నువ్వూ రా. గొర్రెలొద్దు, ఎండ వద్దు. ఏసీ రూము ఇస్తా. దీనికి పాలు పట్టడమే నీ పని."

పూల్ ప్లాను ఊరికే గీసిచ్చింది ఎవరనుకున్నారు? వాసుదేవరావుగారే. నీలం లైట్లు, ఎర్ర లైట్లు, నడుమ ఒక ఫౌంటెను. గోమాతకు గుడి కట్టినట్టుంటుందండి అని సంఘంలో చెప్పుకున్నాడట. పొద్దస్తమానం లైట్ల కింద బతికే జంతువుకు నిద్ర ఎట్లా పడుతుందని అడిగినవాడు లేడు.

నేను బాలసుబ్బయ్యతో ఉన్నమాట చెప్పాను.

"చిన్నాయనా, ఊరికే వచ్చే ఏసీ రూము. పిల్లా నీ దగ్గరే ఉంటుంది. గమ్మున ఊరుకో. తారీఖు అదే పోతుంది."

"ఒరే అబ్బీ, నువ్వు గొర్రెలు కాసినావా ఎప్పుడన్నా?"

"మా ఊర్లో నాలుగొందలు కాసినా, ఒంటి చేత్తో."

"నీ మొకం. ఒంటిగా పెరిగిన గొర్రె ఎట్లుంటాదో తెల్దు నీకు. మందలో ఇడిస్తే మందకు బెదురుతాది, మనిషిని ఇడిస్తే మనిషికి ఏడుస్తాది. అట్ల బతికేదాన్ని నేను పెంచితినే అని నాకుంటాది. కండువాకు ఒగసారి మోసపోతి. ఏసీకి ఇంగోసారా?"

మర్నాడు దొడ్డి వెనకున్న వేపచెట్టు నుంచి రెండు రెమ్మలు విరుచుకొచ్చాడు. లేత ఆకు రాతి మీద నూరాడు. మా వైపు ఈడొచ్చిన గొర్రెపిల్ల పాలు మానకపోతే తల్లి పొదుగుకు వేపాకు ముద్ద పూస్తారు. ఇక్కడ పొదుగు ఏది? అతని చంకే.

షహర్‌బాను ముందు ఒప్పుకోలేదు. పసరు లోపలికి పోతే ఏమవుతుందోనని ఎవరెవరికో ఫోన్లు చేసింది. చివరికి, కొంచెమే, అది కూడా పైపైన అంది. వేలితో తీసి తన నాలుక మీద పెట్టుకుంది.

"థూ! యా అల్లా! కాకా, గిది జూస్తే నేనే పాలు మానేస్త!"

బాలసుబ్బయ్య నవ్వలేదు. ముద్ద రెండు చంకల కిందా రుద్దుకున్నాడు. సీసా తీసుకోలేదు. కాలివేళ్ళ మధ్య సముద్రపు గడ్డి పోచలు ఇరికించుకుని, మెడలోతు నీళ్ళలో నిలబడ్డాడు.

బుడ్డమ్మ ఎప్పటిలాగే వచ్చి చంకలో మూతి పెట్టింది. వెంటనే తల విదిల్చి వెనక్కి పోయింది. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి రెండో వైపు నుంచి వచ్చింది. అక్కడా చేదే. మూడోసారి వచ్చి మూతి ఆనించకుండా, అతని ముఖానికి ఎదురుగా నీళ్ళ మీద తల పెట్టి చూసింది. అప్పుడు అరిచింది. ఆ ఒళ్ళుకు ఆ గొంతు ఏమిటో, పిచ్చుక కిచకిచలాడినట్టు సన్నగా ఉంటుంది. బాలసుబ్బయ్య రెండు చేతులూ ఒంటికి అదుముకుని కదలకుండా ఉన్నాడు. నాకు చూడబుద్ధి కాలేదు, ట్యాంకరు తుడవడానికి పోయాను. కడిగిన ట్యాంకరును మళ్ళీ కడిగాను.

మొదటి రోజంతా అది ఏమీ తినలేదు. రెండో రోజు మధ్యాహ్నం దాకా అతని దగ్గరికే రాలేదు, ఒక మూలన అలిగి ఉంది. మూడింటికి మెల్లగా తొట్టి అడుగు వెంబడే వచ్చి, అతని పాదాల దగ్గర ఆగింది. కాలివేళ్ళ మధ్యనుంచి ఒక పోచ లాగింది. ఇంకొకటి. పోచలు అయిపోతే వేళ్ళు కొరికింది. అతను అడుగులో అడుగు వేస్తూ చట్రం వైపు నడిచాడు, అది అడుగున గడ్డి పీకుతూ వెంబడి వచ్చింది. ముందు నడిచే పొట్టేలు వెంట మంద పోయినట్టే. చట్రం దగ్గరికి చేరాక అతను పక్కకు తప్పుకున్నాడు. అది తప్పుకోలేదు, మేస్తోంది.

"గట్టెక్కు కాకా, ఇంక చాలు" అంది షహర్‌బాను.

ఎక్కాడు. ఆ తర్వాత మళ్ళీ తొట్టిలో దిగలేదు. పిల్ల కంటబడకుండా దొడ్డి వైపే తిరిగాడు. అయిదు రోజులు అడిగారు, అది తొమ్మిది రోజులు మేసింది. రోజూ సాయంత్రం మాత్రం నన్ను పిలిచి, ఎన్ని చట్రాలు ఖాళీ అయినాయో చూసి రమ్మనేవాడు. ఒకరోజు మూడని చెప్పాను. నేను అబద్ధం చెప్తున్నాననుకుని ఇంకొకణ్ని పంపాడు. వాడు వచ్చి నాలుగని చెప్పాడు. నా జీవితంలో తక్కువ చేసి చెప్పింది ఆ ఒక్కసారే.

మే రెండున బండి వచ్చింది. లోపల ఏసీ, తడి స్పాంజి పరుపు. వాసుదేవరావుగారూ వచ్చారు, ఒంటి మీద నారింజ రంగు లైఫ్ జాకెట్టుతో. చుట్టూ నలభై కిలోమీటర్లు ఇసుక. తొట్టిలో నీళ్ళు మెడలోతు. ఎవరి ప్రాణం కాపాడుకోవడానికో ఆ జాకెట్టు! అబూ ఫవాజ్ దాన్ని చూసి, చూసి, ఇంకొకసారి చూసి, ఈయన పైలటా అని నన్ను అడిగాడు. పిల్లను ఎత్తేటప్పుడు స్ట్రెచరుకు ఎనిమిది మంది చేతులు పట్టారు. ఆయన తొమ్మిదో చెయ్యి వేసి కెమెరా వైపు తిరిగాడు. ఆ ఫొటో తర్వాత వాట్సాపులో తిరిగింది. అందులో బాలసుబ్బయ్య లేడు. దొడ్డిలో ఉన్నాడు, ఒక గొర్రె కాలికి ముల్లు తీస్తున్నాడు.

"కాకా, ఒక్కసారి చూసిపో" అని షహర్‌బాను కేకేసింది.

"నన్ను సూస్తే మళ్ళా మొదటికొస్తాది. పోనియ్యి తల్లీ."

సరిహద్దు దాటడానికి అతని కాగితాలు పనికిరావు కూడా. బండి పోయింది. అబూ ఫవాజ్ మాత్రం ఆ రోజంతా పిల్ల లేని తొట్టి గట్టు మీదే కూర్చున్నాడు. పెద్దమనిషికి నిజంగానే బెంగ. వాసుదేవరావుగారి పూల్ ప్లానును పనివాడు రొట్టెల కింద పరిచాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం షహర్‌బాను వీడియో కాల్ చేసింది. నా ఫోనుకే, బాలసుబ్బయ్య ఫోనుకు బొమ్మ రాదు. పడవ మీద ఉంది, గాలికి చున్నీ ఎగురుతోంది. నేను దొడ్డి దగ్గరికి పరిగెత్తి ఫోను అతని ముఖం ముందు పెట్టాను.

"వదిలినం కాకా! చూపియ్యాల్నా?"

"నీళ్ళే గదమ్మా. గడ్డి తినిందా?"

"దిగంగనే అడుక్కు పోయింది. మల్ల పైకొచ్చినప్పుడు మూతికి గడ్డి ఉన్నది. అవుతల ఇంకో రెండు పెద్దవి ఉన్నయ్, గటు దిక్కే పోయింది."

అతను తల ఊపాడు. ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు.

"పడవ కాడికి వచ్చిందా మళ్ళా?" అని అడిగాడు.

"లేదు కాకా. ఒక్కసారి గూడ రాలే."

"మంచిది" అన్నాడు. ఇంకోసారి "మంచిది తల్లీ" అని ఫోను నా చేతిలో పెట్టాడు. దడి దగ్గరికి పోయి, లేని పొట్టేలును అదిలించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏందిరా అబ్బీ అట్ల సూస్తావు? ఆ తొట్టి నీళ్ళు ఎత్తుకోని పో. గట్టు కారి ఉప్పు మేతలోకి దిగిందంటే గొర్రెలకు పచ్చి పోచ మిగలదు."

నేను ట్యాంకరు వెనక్కి తిప్పి, పైపు దించాను.